ఫలానా వాళ్ల అమ్మాయి నుంచి ఫలానా పని చేసిన అమ్మాయి దాకా: టెక్ ఉద్యోగాల్లో పరిచయాలు, పేరు ఎలా సంపాదించుకోవాలి

దేవరకొండ నుంచి నల్లగొండ వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, పక్క సీటు పెద్దమ్మ అడిగే మొదటి మాట ఒక్కటే. "ఏ ఊరు బిడ్డా? ఎవలింటి పిల్లవు?" ఊరు చెప్తాం, ఇంటిపేరు చెప్తాం. పది నిమిషాల్లో ఆమె మన మేనత్త వాళ్ల ఊర్లో ఎవరినో ఒకరిని గుర్తుచేసుకుని వరుస కలుపుతుంది. దిగేలోపు ఒక సంబంధం సంగతి కూడా ఎత్తుతుంది. నెట్‌వర్కింగ్ అనే మాట వింటే మనకు టెన్షన్ వస్తుంది గానీ, మన ఊళ్ల ఆడవాళ్లు తెల్లారి లేస్తే చేసేది అదే పని. పొదుపు సంఘంలో ఒకరికొకరు పూచీ ఉండి బ్యాంకు లోన్ తెచ్చుకోవడం, పాలమూరు నుంచి వలస పోయినవాళ్లు తెలిసిన మేస్త్రీని పట్టుకుని ఒకరి వెనుక ఒకరు పనికి చేరడం, ఇవన్నీ పరిచయాల మీద నడిచినవే.

తేడా ఎక్కడ వస్తుందంటే, బస్సులో మనం ఫలానా వాళ్ల అమ్మాయిమి. ఉద్యోగం ఇచ్చేవాళ్ల దగ్గర ఫలానా పని చేసిన అమ్మాయిగా తెలియాలి. ఆ రెండో మాట చెప్పుకోవడం మనకు ఇంట్లో ఎవరూ నేర్పలేదు. నీ గొప్ప నువ్వు చెప్పుకోకు అనే నేర్పారు. నేను నల్లగొండలో ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరి పద్నాలుగేళ్లయింది. మొదటి ఆరేళ్లు, బాగా పనిచేస్తే చాలు, అదే కనబడుతుంది అనుకున్నాను. కనబడలేదు. ఆ తర్వాత నేర్చుకున్నదే ఇప్పుడు ఆదివారాలు మన జిల్లాల చెల్లెళ్లకు ఫోన్లో చెప్తున్నాను. అదే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదటి పని: ఒక నోట్‌బుక్ తెచ్చుకోండి

ఉద్యోగాల పరిచయాలకు వాడే లింక్డ్‌ఇన్ సైటు తెరవకండి, అది తర్వాత. ముందు వంద పేజీల నోట్‌బుక్ కొని, ప్రతి శనివారం మూడు లైన్లు రాయండి. ఏం ఇబ్బంది వచ్చింది, నేనేం చేశాను, దాని వల్ల ఏం మారింది. అంతే. నా పాత నోట్‌బుక్‌లో ఒక శనివారం ఇలా ఉంది:

"నెలాఖరులో కొందరు కస్టమర్లకు బిల్లు రెండుసార్లు పోతోంది. లాగ్స్ తీసి చూస్తే సర్వర్ టైమౌట్ అయినప్పుడల్లా అదే రిక్వెస్ట్ మళ్లీ వెళ్తోంది. ఆ ఒక్క కేసు పట్టుకునే టెస్ట్ రాశాను. తర్వాతి మూడు రిలీజుల్లో ఆ తప్పు రాలేదు."

ఇది రాయడానికి ఐదు నిమిషాలు పట్టింది. రెండేళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో "మీరు పట్టుకున్న కష్టమైన బగ్ ఒకటి చెప్పండి" అన్నప్పుడు ఈ నాలుగు వాక్యాలే నన్ను నిలబెట్టాయి. రాసి పెట్టుకోకపోతే అప్పటికి అది నాకు గుర్తు కూడా ఉండేది కాదు.

ఇంకా ఉద్యోగం రాలేదా? మీరూ రాయొచ్చు, కానీ సీనియర్ల దగ్గర తీసుకున్న ప్రాజెక్టు గురించి మాత్రం వద్దు. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ లాంటివి ఇంటర్వ్యూ చేసేవాళ్లు లెక్కలేనన్ని చూసి ఉంటారు. మీ చుట్టూ చూడండి. కిరాణా షాపులో ఉద్దెర పుస్తకం ఉంటుంది. బాదేపల్లి మార్కెట్‌లో పల్లికాయ అమ్మితే చేతికిచ్చే తక్‌పట్టీ ఉంటుంది. బత్తాయి తోటకు ఏ రోజు ఎన్ని నీళ్లు పెట్టారో నాన్న చెప్పే లెక్క ఉంటుంది. జడ్చర్ల వైపు నుంచి వచ్చిన ఒక చెల్లె వాళ్లమ్మ సంఘం లెక్కలకు చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాసింది. ఎవరు ఎంత పొదుపు కట్టారు, ఎవరి అప్పు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత. అమ్మ ఫోన్లో తెలుగులో కనబడేలా చేసింది. మధ్యలో ఒకామె రెండు వాయిదాలు ఒకేసారి కడితే లెక్క తప్పింది, దాన్ని సరిచేసుకుంది. ఇంటర్వ్యూలో ఆ ఒక్క తప్పు గురించే ఇరవై నిమిషాలు అడిగారట. ఆ ఇరవై నిమిషాలూ ఆమె తడబడలేదు, ఎందుకంటే ఆ లెక్క ఆమెకు వంటింటి సామాను తెలిసినట్టు తెలుసు.

నాలుగు వారాలు రాశాక ఆ పేజీలు ముందు పెట్టుకుని ఒక్క వాక్యం తయారుచేయండి. "ఫ్రెషర్, అవకాశాల కోసం చూస్తున్నాను" అని మాత్రం రాయకండి, అది చదివితే మీరేం చేయగలరో ఎవరికీ తెలియదు. నాది ఇలా ఉంటుంది: "బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో డబ్బు లెక్క తప్పకుండా చూసే టెస్ట్ ఇంజనీర్‌ని. జావా, సెలీనియం." లింక్డ్‌ఇన్‌లో పేరు కింద ఉండే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల దాకా చోటు ఇస్తారు. అంతా నింపాల్సిన పని లేదు. ఒక మనిషి మీ గురించి ఇంకొకరికి చెప్పాల్సి వస్తే నోటికి తేలిగ్గా రావాలి, అదే కొలత.

ఏ పేరుతో ఉంటారో ఇప్పుడే తేల్చుకోండి

ఇది చిన్న సంగతిలా అనిపిస్తుంది. మన ఆడపిల్లలకు ఇది చాలా పెద్దది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది. కాలేజీ సర్టిఫికెట్లో ఒక్క అక్షరం ఇనీషియల్ ఉంటుంది. పెళ్లయ్యాక ఆధార్‌లో భర్త ఇంటిపేరు చేరుతుంది. ఆఫీసు మెయిల్‌లో ఇంకో రకంగా వస్తుంది. ఐదేళ్లు ఒక పేరు మీద చేసిన పని, ఆరో ఏట ఇంకో పేరు మీద వెతికితే దొరకదు. నాతో పనిచేసిన ఒకామె పెళ్లి తర్వాత అన్నిచోట్లా పేరు మార్చేసింది. పాత మేనేజర్ ఒక మంచి ఉద్యోగం కోసం ఆమెను వెతికి, కనబడక వదిలేశారని ఏడాది తర్వాత తెలిసింది.

కాబట్టి పని మొదలుపెట్టిన పేరే పనిలో ఉంచుకోండి. ఆధార్‌లో, బ్యాంకులో ఏ పేరున్నా ఫరవాలేదు, లింక్డ్‌ఇన్, రాసిన కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైటు, రెజ్యూమె, మెయిల్, ఈ నాలుగింటిలో మాత్రం ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్ ఉండాలి. ఇప్పటికే మార్చి ఉంటే లింక్డ్‌ఇన్‌లో పాత పేరు కూడా చేర్చే వీలుంది, వాడుకోండి. అత్తగారింట్లో ఎవరైనా అడిగితే, ఇది సర్టిఫికెట్ల పేరు, మారిస్తే వెరిఫికేషన్‌లో ఇబ్బంది అని చెప్పండి. అది నిజం కూడా.

ఫొటో సంగతి. ఇంటర్నెట్‌లో ఫొటో పెట్టొద్దని ఇంట్లో అంటారు, ఆ భయం ఊరికే వచ్చింది కాదు. ఫొటో మీతో కనెక్ట్ అయినవాళ్లకే కనబడేలా సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు. వెలుతురు వైపు తిరిగి, ముఖం స్పష్టంగా ఉండేలా ఫోన్‌తో తీసిన ఫొటో చాలు. పెళ్లి ఫొటోలోంచి కత్తిరించింది మాత్రం వద్దు. ఫోన్ నంబర్ ఎక్కడా అందరికీ కనబడేలా పెట్టకండి, మెయిల్ ఒక్కటి చాలు.

చేసిన పని నలుగురికీ కనబడేలా పెట్టండి

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే నోట్‌బుక్ ఉంటే ఇది దానంతటదే వస్తుంది. గిట్‌హబ్‌లో మీ యూజర్‌నేమ్ ఏదో అదే పేరుతో అందరికీ కనబడే ఒక పబ్లిక్ రిపాజిటరీ (ప్రాజెక్టు ఫైళ్లు ఉంచే ఫోల్డర్ లాంటిది) తెరిచి, అందులో పరిచయం రాసే రీడ్‌మీ ఫైల్ పెడితే అది మీ ప్రొఫైల్ పైన కనిపిస్తుంది. అక్కడ మీ ఒక్క వాక్యం, రెండు మంచి ప్రాజెక్టులు ఉంచండి. పదిహేను రోజులకోసారి నోట్‌బుక్‌లోంచి ఒక సంగతి తీసి లింక్డ్‌ఇన్‌లో పది లైన్లు రాయండి. మూడు గంటలు తినేసిన ఎర్రర్ ఏది, చివరికి ఎలా పోయింది. అదే ఎర్రర్‌తో అర్ధరాత్రి కూర్చున్న ఇంకొకరికి అది దొరుకుతుంది. మీ పేరు గుర్తుపెట్టుకునేది ఆ మనిషే. ఇంగ్లిష్ గొప్పగా ఉండక్కర్లేదు, చిన్న వాక్యాలు చాలు. కంపెనీ కోడ్, కస్టమర్ వివరాలు, స్క్రీన్‌షాట్లు మాత్రం పొరపాటున కూడా బయట పెట్టకండి. ఉద్యోగమే పోతుంది.

ముప్పై పేర్ల లిస్టు, ఒక మంచి మెసేజ్

నోట్‌బుక్ చివరి పేజీలో ముప్పై మంది పేర్లు రాయండి. పెద్ద కంపెనీల వైస్ ప్రెసిడెంట్ల పేర్లు కాదు. హాస్టల్‌లో పక్క రూమ్ అక్క, ల్యాబ్‌లో సాయం చేసిన సీనియర్, కోచింగ్‌లో చెప్పిన సార్, పాత కంపెనీ వదిలి ఇంకోచోట చేరిన కొలీగ్, మీ తర్వాత చదివి మీకంటే ముందే ఉద్యోగం తెచ్చుకున్న జూనియర్.

దగ్గరి స్నేహితుల కంటే ఇలాంటి దూరపు పరిచయాలే ఎందుకు పనికొస్తాయంటే, మన దగ్గరివాళ్లకు తెలిసిన కబురు మనకూ తెలిసే ఉంటుంది. కొత్త కబురు రావాలంటే వేరే చోట తిరిగే మనిషి కావాలి. మార్క్ గ్రానోవెటర్ అనే అమెరికా సమాజ శాస్త్రవేత్త బోస్టన్ దగ్గర ఉద్యోగాలు మారినవాళ్లను అడిగి 1973లో ఈ సంగతి రాశారు. పరిచయం వల్ల ఉద్యోగం దొరికినవాళ్లలో ఎక్కువమందికి ఆ కబురు చెప్పింది అప్పుడప్పుడూ కలిసేవాళ్లే. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద చేసి 2022లో ప్రచురించిన పరిశోధనలోనూ, ముఖపరిచయం కంటే కాస్త ఎక్కువ, స్నేహం కంటే కాస్త తక్కువ ఉన్నవాళ్లే ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొచ్చారని తేలింది. మన పెద్దమ్మలు సంబంధాలు చూసే పద్ధతి అదే కదా. పక్కింటివాళ్ల ద్వారా వచ్చిన వాటికంటే, బస్సులో కలిసినామె చెప్పిన సంబంధాలే మనకు తెలియని ఊళ్ల నుంచి వస్తాయి.

ఇక మెసేజ్. నాకు వారానికి నాలుగైదు ఇలాంటివి వస్తాయి: "హాయ్ అక్కా, బాగున్నారా. మీ కంపెనీలో ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పండి ప్లీజ్." రాసిన పిల్ల మీద నాకు ప్రేమే ఉంటుంది. కానీ ఏ పని వచ్చో, ఏ ఉద్యోగం కావాలో తెలియకుండా నేను ఎవరికి ఏమని చెప్పను? ఇప్పుడు ఇది చూడండి:

"నమస్తే అక్కా. మన కాలేజీలో మీ తర్వాత నాలుగేళ్లకు చదివాను. ఏపీఐ టెస్టింగ్ గురించి మీరు రాసింది చదివి, మా ప్రాజెక్టులో అలాగే చేసి చూశాను. లాగిన్ దగ్గర ఒక తప్పు దొరికింది. ఒక్క సందేహం. మాన్యువల్ నుంచి ఆటోమేషన్‌కు మారేటప్పుడు మీరు ముందు ఏది నేర్చుకున్నారు? వీలైనప్పుడు రెండు లైన్లు రాస్తే చాలు."

దీనికి నేను అదే రోజు జవాబిచ్చాను. ఎందుకంటే అందులో ఎవరో ఉంది, ఏం చేసిందో ఉంది, అడిగింది రెండు నిమిషాల పని. వారం తర్వాత ఆ పిల్ల మళ్లీ రాసింది, "మీరు చెప్పింది మొదలుపెట్టాను, ఇక్కడిదాకా వచ్చింది" అని. రిఫరల్, అంటే మా కంపెనీలో తన పేరు సిఫారసు చేయమని, అడిగింది మూడో నెలలో. అప్పటికి ఆమె పని నాకు తెలుసు, మా టీమ్‌లో ఆమె పేరు ఎత్తడానికి నాకు ఏ సంకోచమూ లేదు.

రిఫరల్ అడిగేటప్పుడు మొహమాటం వద్దు. చాలా కంపెనీలు మంచి మనిషిని తెచ్చినందుకు తమ ఉద్యోగికి బోనస్ కూడా ఇస్తాయి, కాబట్టి మీరు చెయ్యి చాచుతున్నట్టు కాదు. కానీ అవతలివాళ్లు వాళ్ల పేరు మీ వెనుక పెడుతున్నారు, ఆ బరువు గుర్తుండాలి. ఉద్యోగం నంబరు, రెజ్యూమె, మీ గురించి మూడు లైన్లు, మూడూ ఒకే మెసేజ్‌లో పంపండి. ఆ మూడు లైన్లు వాళ్లు అలాగే కాపీ చేసి హెచ్‌ఆర్‌కు పంపగలిగేలా ఉండాలి. జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే కోపం పెట్టుకోకుండా లిస్టులో తర్వాతి పేరుకు వెళ్లండి.

హైదరాబాద్ వెళ్లి నలుగురిని కలవండి

మనకున్న ఒక సౌకర్యం, 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేకపోవడం. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. నా రోజుల్లో శనివారం మీటప్‌కు రానుపోను ఛార్జీలు లెక్కేసుకుని ఆగిపోయేదాన్ని. మీరు ఆగక్కర్లేదు. నల్లగొండ నుంచి వస్తే ఎల్‌బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కండి, అమీర్‌పేటలో మారితే రాయదుర్గం. స్టార్టప్‌ల కేంద్రం టీ హబ్ అక్కడికి దగ్గరే. మహబూబ్‌నగర్ నుంచి వస్తే ఎంజీబీఎస్ దాకా వచ్చి అక్కడే మెట్రో ఎక్కొచ్చు, అదీ అమీర్‌పేట వెళ్తుంది. చీకటి పడకముందే తిరుగు బస్సు ఎక్కేలా ప్రోగ్రామ్ టైం ముందే చూసుకోండి. ఇంకో అమ్మాయిని వెంట తెచ్చుకుంటే ఇంట్లో ఒప్పించడం సులభం.

గూగుల్ డెవలపర్ గ్రూప్స్, పైథాన్ నేర్చుకునే ఆడవాళ్ల పైలేడీస్, తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే స్వేచ్ఛ, ఇలాంటివి వెతకండి. సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే 2018 మార్చి 8న మన రాష్ట్రంలో మొదలైన వీ హబ్ ఆడవాళ్ల కోసమే ఉంది. ఇంకా చదువుతుంటే రాష్ట్ర ప్రభుత్వ నైపుణ్య శిక్షణ సంస్థ టాస్క్ గురించి కాలేజీ ప్లేస్‌మెంట్ సార్‌ను అడగండి. ఊరు దాటలేని పరిస్థితి ఉంటే ఔట్‌రీచీ చూడండి, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఇంటి నుంచే స్టైపెండ్‌తో ఇంటర్న్‌షిప్. మన దగ్గర కూడా 2023లోనే మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, నల్లగొండలో ఐటీ టవర్లు తెరిచారు. అక్కడ ఏ కంపెనీలో ఎవరు పనిచేస్తున్నారో కనుక్కోవడం కూడా మీ లిస్టులో పనే. ఒక జాగ్రత్త మాత్రం. ప్రపంచమంతా పేరున్న ఉమెన్ హూ కోడ్ సంస్థ 2024 ఏప్రిల్‌లో మూతపడింది. గ్రూపు ఏదైనా, అందులో పరిచయమైనవాళ్ల పేర్లు, మెయిల్స్ మీ నోట్‌బుక్‌లో విడిగా రాసుకోండి.

వెళ్లాక యాభై మందితో మాట్లాడాలని పెట్టుకోకండి. ఇద్దరు చాలు. రెండో వరుసలో కూర్చోండి. మీ ఊరు, మీ ఒక్క వాక్యం, ఈ మధ్య చేసిన ఒక పని, ఈ మూడూ ఇంగ్లిష్‌లో ఇంటి దగ్గరే పదిసార్లు అద్దం ముందు చెప్పి రండి. ఆ మూడు వాక్యాలు దాటాక ఎదుటివాళ్లకు తెలుగు వస్తే తెలుగులోనే మాట్లాడండి. మాది నల్లగొండ, మాది పాలమూరు అని మొదట్లోనే చెప్పండి. నేను చాలాకాలం హైదరాబాద్ అని చెప్పేదాన్ని. నిజం చెప్పడం మొదలుపెట్టాక, "మాది కూడా మిర్యాలగూడ" అంటూ వచ్చి మాట్లాడినవాళ్లే నాకు మిగిలారు. తిరుగు బస్సులోనే ఆ ఇద్దరికీ మెసేజ్ పంపండి, ఏ మాట మీద మాట్లాడుకున్నారో రాయండి. తెల్లారితే వాళ్లకు మీ ముఖం గుర్తుండదు.

ఆఫీసులో ఎవరు చేశారో వాళ్లే చూపించాలి

బతుకమ్మ పండగ వస్తే ఆఫీసులో తంగేడు పువ్వు తెప్పించడం దగ్గర నుంచి పాట పెట్టడం దాకా ఆడపిల్లలమే చూస్తాం. నాకు ఆ పని ఇష్టం, ఇప్పటికీ చేస్తాను, వేరే టీమ్‌ల వాళ్లు పరిచయమయ్యేది అక్కడే. కానీ ఒక ఏడాది అదే వారంలో క్లయింట్‌కు డెమో ఉంది. రెండు నెలలు టెస్ట్ చేసిన భాగం నాది. నేను కింద పూలు పేరుస్తుంటే పైన ఇంకొకరు డెమో ఇచ్చారు. క్లయింట్ మెచ్చుకుంటూ రాసిన మెయిల్‌లో ఆయన పేరే ఉంది. ఆయన అబద్ధం చెప్పలేదు, నా పేరు చెప్పనూ లేదు. ఆ ఏడాది హైక్ ఆయనకే వచ్చింది.

అప్పటి నుంచి మూడు పనులు చేస్తున్నాను. ప్లానింగ్ మీటింగ్‌లోనే "ఈ భాగం నేను చేస్తున్నాను, డెమో నేనే ఇస్తాను" అని అందరి ముందు చెప్తాను. శుక్రవారం సాయంత్రం మేనేజర్‌కు నాలుగు లైన్ల మెయిల్ పెడతాను: ఏం అయింది, ఏం మిగిలింది, ఎక్కడ ఆగింది, వచ్చే వారం ఏంటి. అప్రైజల్ టైంలో ఆయన గుర్తుచేసుకోవాల్సిన పని లేదు, మెయిల్స్ తీస్తే చాలు. మూడోది ఇద్దరు కలిసి చేసేది. టీమ్‌లో ఇంకో అమ్మాయితో మాట్లాడి పెట్టుకోండి. ఆమె చెప్పిన ఐడియా మీటింగ్‌లో ఇంకొకరి నోట వస్తే, మీరు "అవును, ఇందాక ఆమె చెప్పింది ఇదే" అని ఆమె పేరు ఎత్తండి. మీకు అవసరమైనప్పుడు ఆమె ఎత్తుతుంది. మన పేరు మనం చెప్పుకోవడం కష్టమనిపించే వాళ్లకు ఇది చాలా తేలికైన దారి.

కొన్ని చోట్ల గట్టిగా ఉండండి

బ్యాక్‌డోర్ ఉద్యోగమని లక్షలు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. నిజమైన కంపెనీ ఉద్యోగానికి డబ్బు తీసుకోదు. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఉద్యోగం గురించి మాట్లాడదామని రాత్రిళ్లు ఫోన్ చేసేవాళ్లను, హోటల్ రూమ్‌కు రమ్మనేవాళ్లను స్క్రీన్‌షాట్ తీసి బ్లాక్ చేయండి, అలాంటి పరిచయం పోయినా మీకు నష్టం లేదు. పది మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి ఆఫీసులో 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే అంతర్గత కమిటీ ఉండాలి. ఇంటర్న్‌లకూ అది వర్తిస్తుంది. ఫిర్యాదుకు మూడు నెలల గడువు ఉంటుంది.

పెళ్లి, పిల్లలు, ఇంట్లో ఎవరికైనా బాగాలేకపోవడం వల్ల ఉద్యోగం మానేసి మళ్లీ రావాలనుకుంటే, ఆ రెండు మూడేళ్లు దాచకండి. లింక్డ్‌ఇన్‌లో 2022 నుంచి కెరీర్ బ్రేక్ అని పెట్టుకునే చోటు ఉంది, అందులో తేదీలు, మధ్యలో నేర్చుకున్నది రాయండి. తర్వాత ఒక్క ఫోన్ చేయండి, మీరు మానేసేటప్పుడు మీ పని ఎవరికి అప్పగించారో ఆ మనిషికి. మీరు రాసి వెళ్లింది ఎన్నాళ్లు నడిచిందో, ఇప్పుడు ఆ పనికి ఏం వాడుతున్నారో, ఎవరు మనుషుల కోసం వెతుకుతున్నారో చెప్పగలిగేది ఆమె. మీరు ఫలానా పని చేసిన అమ్మాయి అని సాక్ష్యం చెప్పగలిగేదీ ఆమే.